నీలం దారం మూట

హన్మవ్వ ఇంట్లో కిరాయికి దిగిన మనిషి పెండ్లాన్ని కొట్టి పారిపోయి వచ్చినవాడని అనసూయమ్మ చెప్పిందట. తనతో చెప్పలేదు, నల్లా దగ్గర ఎవరితోనో చెబుతుంటే విన్నానని ప్రమీలమ్మ హన్మవ్వతో అన్నది. కొట్టకపోతే మాత్రం, నలభైకి దగ్గరపడ్డ మగవాడు ఒక్క బ్యాగుతో వచ్చి బోధన్ రాకాసిపేటలో గది ఎందుకు తీసుకుంటాడు? పైగా తన చొక్కా తానే ఉతుక్కుంటాడు. చాయ్ తాగిన గ్లాసు కడిగి పెడతాడు.

"గంత మంచిగ ఉన్నడంటె ఏదో తప్పు చేసే ఉంటడని అనసూయమ్మ అన్నదక్కా," అని ప్రమీలమ్మ ముగించింది.

హన్మవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తకుండానే అన్నది: "కొట్టినోని సేతులు గట్ల ఉండయి."

గోడకవతల గదిలో మంచం మీద పడుకున్న ఆ మనిషి ఈ సంభాషణంతా శనగగింజంత ఇయర్‌పీస్‌లో వింటున్నాడు. మాటలు పంపుతున్నది సముద్రం మీద రెండు పడవల మధ్య గుసగుసలు పట్టడానికి తయారైన మైక్. దాన్ని హన్మవ్వ అరుగు పక్కనున్న నల్లా గోడకు బిగించి వారం అయింది. విదేశీ ముఠా రహస్యం ఒక్కటీ చిక్కలేదు. లేని తన కాపురం గురించి మాత్రం రోజుకో కొత్త సంగతి తెలుస్తోంది.

ఆధార్ కార్డు మీద అతని పేరు వెంకటి. డ్రైవర్ వీసా వచ్చి గల్ఫ్ ఫ్లైట్ కోసం ఎదురుచూస్తున్న నందిపేట్ మనిషి. అసలు పేరు ఆత్మారాం. ఢిల్లీలో పేరు బోర్డు లేని ఒక ఆఫీసులో ఫీల్డ్ ఏజెంట్. పుట్టింది మాత్రం ఇక్కడికి దగ్గర్లోనే, కోటగిరిలో. ఆ ఒక్క కారణానికే ఈ అసైన్‌మెంట్ అతని నెత్తిన పడింది.

బ్రీఫింగ్ హైదరాబాద్‌లో ఒక సేఫ్ హౌస్‌లో జరిగింది. ఏసీ పనిచేయడం లేదు. చీఫ్ ఫైలుతో విసురుకుంటూ మొదలుపెట్టాడు.

"మిషన్ పేరు ఆపరేషన్ పచ్చడి."

"ఎవరు పెట్టారు సార్ ఆ పేరు?"

"కమిటీ. టార్గెట్ నీకు తెలిసినవాడే. కెప్టెన్."

ఆత్మారాం పళ్లు కొరుక్కున్నాడు. కెప్టెన్ అసలు పేరు ఎవరికీ తెలియదు. ఒకప్పుడు సరుకు ఓడలు నడిపినవాడు. మూడు దేశాల పాస్‌పోర్టులున్నవాడు. కిందటి ఏడు అరేబియా సముద్రంలో అతని సరుకు మోస్తున్న పడవను ఆత్మారాం చేయి చాపితే అందేంత దూరం వరకు వెంటాడాడు. కానీ ఆ పడవ మీద వేరే దేశం జెండా ఉంది. నడిసముద్రంలో ఓడ ఏ జెండా కింద ఉంటే ఆ దేశం చట్టం కిందే ఉంటుంది. ఆ దేశం సరే అననిదే ఇంకొకరు ఎక్కడానికి లేదు. అనుమతి కోసం మెసేజ్ పెట్టారు. అక్కడ వారాంతం సెలవు. ఈలోగా పడవలో వాళ్లు తీరిగ్గా మూటలు నీళ్లలో పారేసి, డెక్ కడిగి, ఆత్మారాం వైపు చేయి ఊపారు. అనుమతి వచ్చాక ఎక్కి చూస్తే చేపలున్నాయి. మంచి చేపలే.

"ఇప్పుడు వాడు సముద్రం వదిలేశాడు," అన్నాడు చీఫ్. "మనుషుల్ని వాడుకుంటున్నాడు. మీ జిల్లా నుంచి గల్ఫ్ పోయే ప్రతివాడికీ ఊళ్లోవాళ్లు డబ్బాలిస్తారు కదా, మా కొడుక్కియ్యి, మా ఆయనకియ్యి అని. వాటిలో ఒకటి కెప్టెన్‌ది. ఇచ్చే ఆడమనిషికి కూడా ఆ సంగతి తెలియదు. నాకు అర్థం కానిది ఒకటే. మోసేవాడు ఒక్కసారి విప్పి చూసుకోవచ్చు కదా?"

"విప్పరు సార్."

"ఎందుకు?"

"విప్పితే అనుమానపడ్డట్టు. మళ్లీ ఆమె మొహం చూడలేరు."

"అంటే ఇదీ జెండా వ్యవహారమే."

"అంతే సార్. ముడి ఎవరు వేస్తే వాళ్లే విప్పాలి."

చీఫ్ ఒక ఫొటో జరిపాడు. పాతికేళ్ల కుర్రాడు, నూనె రాసి దువ్విన జుట్టు. "సాయికుమార్. బోధన్. మూడేళ్ల కింద చింతకాయ తొక్కు డబ్బాతో గల్ఫ్‌లో దిగాడు. తొక్కు కింద సరుకు దొరికింది. ఇరవై ఐదేళ్ల జైలు. చివరి అప్పీల్ ఇంకో మూడు వారాలకు, సోమవారం."

"మనకు ముందే తెలుసా సార్, ఆ డబ్బా సంగతి?"

చీఫ్ విసురుకోవడం ఆపాడు. "తెలుసు. కంట్రోల్డ్ డెలివరీ. సరుకును పోనిచ్చి, అక్కడ తీసుకునేవాడిని పట్టుకోవాలని ప్లాన్. అంతర్జాతీయ ఒప్పందం ఒప్పుకునే పద్ధతే. మన మెసేజ్ ఆ దేశం చేరేసరికి ఆలస్యమైంది. అప్పటికే కస్టమ్స్ వాళ్లు కుర్రాడిని పట్టేశారు. రికార్డుల ప్రకారం మాత్రం అలాంటి ఆపరేషన్ జరగలేదు. కాబట్టి కోర్టుకు మనం అది చెప్పలేం."

"మరి ఏం చెబుతాం?"

"నువ్వు తెచ్చేది చెబుతాం. అదే ముఠా డబ్బా ఒకటి ఇక్కడ దొరకాలి. కుట్టు చెదరకూడదు. ఆ దేశపు లైజన్ ఆఫీసర్ కళ్ల ముందు తెరవాలి. మధ్యలో సంబంధం లేని చెయ్యి పడకూడదు. అప్పుడు సాయికుమార్ తెలియక మోశాడని నమ్ముతామని కోర్టు రాసిచ్చింది. గుర్తు నీలం నైలాన్ దారం కుట్టు. కుర్రాడి డబ్బాకూ అదే."

ఆ కుర్రాడి తల్లి ఇంట్లోనే గది దొరకడం కూడా ప్లాన్‌లో భాగమే. ఆత్మారాంకు అది నచ్చలేదు. నచ్చలేదని చెప్పే గడి ఏ ఫారంలోనూ లేదు.

వెంకటి గల్ఫ్ పోతున్నాడన్న కబురు వీధిలో పొక్కగానే డబ్బాలు రావడం మొదలైంది. పెండ్లాన్ని కొట్టినవాడైనా పరవాలేదు, ఇమానం ఎక్కితే చాలు. పోచంపాడ్ నుంచి ఒకామె ఎండుచేపలు తెచ్చింది. సకినాలు, కారప్పొడి, అల్లం తొక్కు గది మూల పేరుకున్నాయి. ఇచ్చే ప్రతి ఆమె మూత తీసి, కొంచెం అతని చేతిలో పెట్టి తినిపించాకే మూట కట్టింది. మోసేవాడి నోట్లో పడకుండా పంపిన తిండి ఎవరికీ అరగదని అక్కడి పట్టింపు.

"మా వానికి చెప్పు కొడుకా, గీ తొక్కుల నూనె తక్కువేసిన, కడుపు నొస్తదని. ఎక్కువ తినద్దని చెప్పు. తింటడు గానీ, చెప్పు."

ఆత్మారాం రాత్రి భోజనం మానేశాడు. రుచులతోనే కడుపు నిండుతోంది.

డిపార్ట్‌మెంట్ అతనికి టార్చిలైటులాంటి స్కానర్ ఇచ్చింది. డబ్బా విప్పకుండా లేజర్ వేసి లోపల ఏ రసాయనం ఉందో చెబుతుంది. మూడు ఓడరేవుల్లో పనిచేసిన మెషీన్. అది కూడా ఇక్కడ చేతులెత్తేసింది. పసుపు మీద పడగానే లేజర్ కాంతికి పసుపే దీపంలా వెలిగి, మిగతా రీడింగ్ అంతా మింగేస్తోంది. స్క్రీన్ మీద 'నిర్ధారించలేము' అన్న ఒక్క మాటే. నిజామాబాద్ జిల్లాలో పసుపు తగలని డబ్బా ఎక్కడి నుంచి తేవాలి?

అతను దాన్ని బ్యాగులో పారేసి, నిజామాబాద్ బస్సెక్కాడు.

బస్టాండ్ ఎదుటి హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి నల్ల కళ్లద్దాలు, ముదురాకుపచ్చ పట్టుచీర, చేతిలో రెండు ఫోన్లతో ఒక స్త్రీ లోపలికి వచ్చింది. చాయ్ తాగేవాళ్లు సాసర్లు కింద పెట్టేశారు. గల్ఫ్ టికెట్లు, వీసాలు చూసే ఒక ట్రావెల్స్ యజమానురాలు దీక్షిత. ఒక ఫోన్ కెప్టెన్‌కు. రెండోది చీఫ్‌కు. ఇద్దరికీ ఆమె నమ్మకస్తురాలే.

"ఈసారి చెరుకు ఎటు పోతున్నది?" అని అడిగాడు ఆత్మారాం. అది కోడ్.

"ఎటు పోయినా మనకు మిగిలేది పిప్పే." ఆమె కూర్చుంది. "ఇంకా నీ దగ్గరికి రాలేదా డబ్బా?"

"వచ్చినవి చాలా ఉన్నాయి. ఏది మీదో తెలియడం లేదు."

"నేడో రేపో వస్తుంది. తినిపించకుండా ఇస్తారు. కుట్టేసి ఉంటుంది కదా." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఇంకో మాట. నువ్వొక్కడివే కాదు. శుక్రవారం మా ట్రావెల్స్ బస్సులో పోయేవాళ్లలో చాలామందికి అందాయి. ఇంతమందిని ఒకేసారి పంపడం మొదటిసారి. అందుకే కెప్టెన్ స్వయంగా వస్తున్నాడు. విదేశీ కంపెనీ డైరెక్టర్‌గా. బోధన్ ఫంక్షన్ హాల్లో మీ అందరికీ సన్మానం చేసి బస్సెక్కిస్తాడు."

"అక్కడే పట్టుకుంటాం."

"ఏమని? వాడు డబ్బా ముట్టడు. ఫోన్‌లో పేరు పలకడు. షేక్‌హ్యాండ్ కూడా ఇవ్వడు, నమస్తే పెడతాడు. వాడికి తెలుసనడానికి నీ దగ్గర ఏముంది?"

"నువ్వున్నావు కదా. సాక్ష్యం చెప్పు."

దీక్షిత నవ్వింది. "నేను ఎటు గెలిస్తే అటు ఉంటాను ఆత్మారాం. ఇప్పటికైతే స్కోరు వాడిదే ఎక్కువ."

ఆ సాయంత్రమే డబ్బా వచ్చింది. తెచ్చింది అనసూయమ్మ. గుమ్మంలో నిలబడి అతన్ని పైనుంచి కిందికి చూసింది, కొట్టే చేతుల కోసం వెతుకుతున్నట్టు.

"కోటగిరి దిక్కు మా సుట్టాలామె ఇచ్చింది. ఆమె పెనిమిటి గాడనే కంపెనీల ఉన్నడంట. ఎయిర్‌పోర్ట్‌కు ఒచ్చి తీస్కుంటడంట. తొక్కే. కుట్టేసిచ్చింది, గందుకే తినిపిస్తలేను, ఏమనుకోకు."

తెల్ల గుడ్డ. దాని చుట్టూ సన్నటి నీలం దారం కుట్టు.

ఆత్మారాం రెండు చేతులతో అందుకున్నాడు. ఆమె వెళ్లగానే చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"వచ్చింది సార్. ఇప్పుడే సాక్షులుగా పంచుల్ని పిలిచి సీజ్ చేద్దాం."

"ముట్టుకోకు. లైజన్ ఆఫీసర్ రావాలి. ఆయన వీసా క్లియరెన్స్ రేపు వస్తుంది. ఎల్లుండి శుక్రవారం హాలు దగ్గరే నీ దగ్గర్నుంచి తీసుకుంటాం, ఆయన ముందే తెరుస్తాం."

"మిగతావాళ్లు, సార్? బస్సులో పోయేవాళ్లు?"

"డబ్బాలన్నీ ఎయిర్‌పోర్ట్‌లో పడతాం."

"అక్కడ డబ్బా ఎవరి చేతిలో ఉంటే నేరం వాళ్లది సార్. ఇంకొంతమంది సాయికుమార్‌లు తయారవుతారు."

"ప్రొసీజర్, ఆత్మారాం," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

ఆత్మారాం ఫోన్‌ను మంచం మీదికి విసిరాడు. అది గోడకు తగిలి, పక్కింటి మేక బెదిరి అరిచింది.

మర్నాడు పొద్దున హన్మవ్వ ఊడవడానికి గదిలోకి వచ్చింది. డబ్బాల మధ్య ఆ తెల్ల మూట దగ్గర చీపురు ఆగింది. ఆమె వంగి, దారాన్ని ముట్టుకోకుండా చూసింది. చాలాసేపు చూసింది.

"కొడుకా, నువ్వు దుబాయి పోయేటోనివి కావు."

"అదేం మాటవ్వా?"

"పోయేటోడు మెడికల్ పాసయితనా కానా అని రోజుకు పదిసార్లు రొమ్ము పట్టుకోని దగ్గి సూసుకుంటడు. మా సాయి గట్లనే చేసిండు. నువ్వు ఒక్కపారి దగ్గలే." మూట వైపు గడ్డంతో చూపించింది. "మా వాని డబ్బకు గిదే దారం. గా మూట నేనే సంచిల పెట్టిన, నా సేతులతోని. గిది గదేనా?"

ఆత్మారాం అబద్ధాల్లో శిక్షణ పొందినవాడు. రెండు భాషల్లో, లై డిటెక్టర్ ముందు కూడా చెప్పగలడు. ఆ పొద్దున మాత్రం నోరు తెరవలేకపోయాడు.

"సరే," అన్నది హన్మవ్వ, జవాబు విన్నట్టే. "ఎవడు పంపుతున్నడు?"

"రేపు సంగతి తేలుతుందవ్వా. నువ్వు మాత్రం దీన్ని ముట్టుకోకు. సాయికుమార్ కోసమే చెబుతున్నాను."

"ఎవడు అని అడిగిన."

అతను బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు. "రేపు హాల్లో తెల్లసూటు వేసుకుని, ఎవరితోనూ చేయి కలపకుండా తిరిగేవాడిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది," అని లేసులతో అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆత్మారాం, చీఫ్ వచ్చాక తెప్పించవచ్చని మూటను గదిలోనే ఉంచి, హాలు చుట్టూ ఏర్పాట్లు చూడటానికి ముందే బయలుదేరాడు. పదేళ్ల సర్వీసులో ఏనాడూ గది గడియ మరచిపోనివాడు, ఆ రోజు మరచిపోయాడు.

ఫంక్షన్ హాలు శక్కర్‌నగర్ చౌరస్తాకు దగ్గర. ముందు రోడ్డంతా మహారాష్ట్ర వైపు పోయే చెరుకు ట్రాక్టర్లు. లైజన్ ఆఫీసర్‌ను హాలు గేటు పక్కన చెరుకు రసం బండి దగ్గర, లుంగీ కట్టి నిలబెట్టారు. ఆరడుగుల మనిషి, లుంగీ మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఇప్పటికే నాలుగు గ్లాసులు తాగాడు. చీఫ్ బృందం కారు మాత్రం ఊరి బయట చెరుకు బండ్ల వెనక ఇరుక్కుంది. "కదలడం లేదు," అని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "సైరన్ వేస్తే ఆపరేషన్ బయటపడుతుంది."

వేదిక మీద కెప్టెన్. తెల్లసూటు, వెండిరంగు గడ్డం, ఓపికైన చిరునవ్వు. పక్కన దీక్షిత, అతని హిందీని తెలుగు చేస్తూ. పూలదండ తెస్తే అతను నమస్తే పెట్టి, దీక్షిత వైపు చూపించాడు. ఆమె అందుకుంది. సంస్కారం అంటే అదీ అని ముందు వరుసలో ఎవరో మెచ్చుకున్నారు.

"మీరందరూ నా కుటుంబం," అన్నాడు కెప్టెన్. "అక్కడ మీకే కష్టం వచ్చినా నేనున్నాను." చప్పట్లు. బయట బస్సు ఇంజిన్ స్టార్టయింది. మనుషులు సంచులు సర్దుకుంటూ బస్సు వైపు కదులుతున్నారు. కొందరు దండం పెట్టడానికి ఇంకా వేదిక దగ్గరే ఉన్నారు.

ఆత్మారాం డబ్బా తేవడానికి గదికి మనిషిని పంపాడు. అతను ఫోన్ చేశాడు: "సార్, ఇక్కడ లేదు."

అదే సమయంలో వేదిక మెట్ల మీద హన్మవ్వ కనిపించింది. కొంగు నడుముకు చెక్కుకుని, చంకలో తెల్ల మూటతో.

"డైరెక్టర్ సాబ్, మీరు గా దేశమే పోతున్నరంట గద," అన్నది. "మా సాయికుమార్ గాడ జైల్ల ఉన్నడు. గీ తొక్కు జర ముట్టజెప్పుండ్రి."

కెప్టెన్ దీక్షిత వైపు చూశాడు. ఆమె తెలుగు నుంచి హిందీలోకి మార్చింది. అతను మర్యాదగా తల ఊపాడు. "లగేజ్ ఫుల్ అయిపోయింది, మాతాజీ."

"సేతుల పట్టుకపోండ్రి."

నందిపేట్ నుంచి వచ్చిన సిద్దిరాములు, బస్సెక్కబోతూ ఆగాడు. "ఏం సాబ్, ఇప్పుడే గద మేమంత మీ కుటుంబం అంటిరి? ఒక్క డబ్బకే బరువైందా? మేం ఒక్కొక్కలం నాలుగు మోస్తున్నం."

జనం నవ్వారు. "తీస్కోండ్రి సాబ్," "ముసలమ్మ గంత అడుగుతున్నది," అని తలా ఒక మాట. గల్ఫ్ పోయేవాడు ఊరివాళ్ల డబ్బా కాదనడం ఆ హాల్లో ఎవరూ చూసినవారు కారు. కాదంటే ఇంకేదో ఉన్నట్టే. కెప్టెన్‌కు అది అర్థమైంది. చిరునవ్వు అలాగే పెట్టుకుని చేతులు చాపబోయాడు.

అప్పుడు దీక్షిత అతని చెవి దగ్గరికి వంగింది. ఆమె చీరకు గుచ్చిన మైక్ ఆఫ్ కాలేదు. ఆ ఇంగ్లిష్ గుసగుస స్పీకర్లలో హాలంతా వినిపించింది.

"కెప్టెన్, ఇది మనదే. నీలం దారం."

చాచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కెప్టెన్ దారాన్ని చూశాడు. తల ఎత్తి, హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ పొట్టిలుంగీ మనిషిని చూశాడు. హన్మవ్వ మూటను అతని రొమ్ముకు ఆనించేసింది. అతను పాము పడ్డట్టు మోచేత్తో విసిరికొట్టాడు. మూట వేదిక అంచుకు తగిలి, గుడ్డ చిరిగి, డబ్బా పగిలింది. తొక్కు ఒకవైపు, తొక్కు కింద దాచిన ప్లాస్టిక్ ప్యాకెట్లు ఒకవైపు.

ఆత్మారాంకు ఆ క్షణంలో కేసంతా వెలిగింది. తెలియనివాడు మోస్తాడు. ఊళ్లో అందరూ మోశారు. వద్దని పారిపోయేవాడు ఒక్కడే, లోపల ఏముందో తెలిసినవాడు.

"పచ్చడి," అని కాలర్‌లోని మైక్‌లోకి అరిచి వేదిక వైపు దూకాడు. కెప్టెన్ పక్క తలుపులోంచి బయటపడ్డాడు. అతని కారు ముందు చెరుకు ట్రాక్టర్. వెనక చెరుకు ట్రాక్టర్. ట్రాలీల సందులోంచి పరుగెత్తుతూ జేబులోంచి పెన్ను తీశాడు. దాని కొనకు నిబ్ బదులు సూది ఉంది. ఆత్మారాం ట్రాలీలోంచి చేతికందిన గడ లాగి మోకాళ్ల వెనక ఒక్కటిచ్చాడు. కెప్టెన్ బోర్లాపడ్డాడు, పెన్ను డ్రెయినేజీలో పడింది. డిపార్ట్‌మెంట్ ఆమోదించిన ఆయుధాల్లో చెరుకు గడ లేదు. తర్వాత దాని మీద వివరణ రాసివ్వాల్సి వచ్చింది.

"బస్సు," అని అరిచాడు, కెప్టెన్ వీపు మీద మోకాలు పెట్టి. "బస్సు ఆపండి."

బస్సు అప్పటికే గేటు దాటుతోంది. దాని ముందుకు ఎత్తు చెప్పులతో దీక్షిత వచ్చి, రెండు ఫోన్లూ పట్టుకున్న చేయి ఎత్తి నిలబడింది. డ్రైవర్ బ్రేకు తొక్కితే బంపర్ ఆమె చీర కుచ్చిళ్లకు తగిలి ఆగింది.

"ఇందాక ఆ మాట వాడిని కాపాడటానికి చెప్పావా, పట్టివ్వడానికా?" అని ఆత్మారాం తర్వాత ఆమెను అడిగాడు.

"అప్పటికి ఎవరు గెలుస్తారో తెలియదు కదా," అన్నది దీక్షిత. "రెంటికీ పనికొచ్చే మాట చెప్పాను."

అంతా బాగానే ఉండేది. కానీ హాల్లో పగిలిన డబ్బా సంగతి, నీలం దారం సంగతి అప్పటికే బస్సులోకి పాకింది. సిద్దిరాములు తన సంచిలోకి చూసుకున్నాడు. మేనత్త ఇచ్చిన మూట, నీలం దారం. పక్కవాడిదీ అదే. పుట్టి బుద్ధెరిగి ఎవరి మూటా విప్పనివాళ్లు, ఒక్కసారిగా పళ్లతో, తాళంచెవులతో కుట్లు తెంపడం మొదలుపెట్టారు. నీలం దారం ఉన్నవీ లేనివీ అన్నీ విప్పారు. కిటికీల్లోంచి రోడ్డు మీదికి తొక్కు, సకినాలు, ప్యాకెట్లు కలిసి వర్షంలా పడ్డాయి. "విప్పకండి, విప్పకండి," అని ఆత్మారాం అరుస్తూనే ఉన్నాడు. లైజన్ ఆఫీసర్ లుంగీ పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చేసరికి కుట్టు చెదరని డబ్బా ఒక్కటి మిగల్లేదు.

బస్సులోని ఒక్కరు కూడా ఆ రోజు జైలుకు పోలేదు. అందరూ తొక్కు చేతులతో ఇళ్లకు పోయారు.

ముఠా కూలిపోయింది. ఢిల్లీ నుంచి అభినందన వచ్చింది. కెప్టెన్ కోసం మూడు దేశాలు వేరువేరుగా అడిగాయి. మాకు అప్పగించండని రెండు, మా పౌరుడు కానే కాడని ఒకటి. అవి తేలేదాకా అతను ఇక్కడి జైల్లో ఉంటాడు. రోజూ ఇద్దరు లాయర్లు వచ్చి అతని ఆరోగ్యం అడిగిపోతారు.

మంగళవారం చీఫ్, ఆత్మారాం రాకాసిపేటకు వచ్చారు. హన్మవ్వ అరుగు మీద చాట పక్కన పెట్టి, చాయ్ ఇచ్చింది. ప్రమీలమ్మ, అనసూయమ్మ పిలవకుండానే వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నారు. అనసూయమ్మ ఆ శుక్రవారం నుంచి ఎవరి గురించీ ఏమీ అనడం లేదు.

"నిన్న అప్పీల్ విచారణ జరిగిందమ్మా," అన్నాడు చీఫ్. "కోర్టు మన సాక్ష్యం తీసుకోలేదు. బస్సులో డబ్బాలు వాళ్ల ఆఫీసర్ చూడకముందే విప్పేశారు. ఆయన కళ్ల ముందు పగిలిన డబ్బా ఒక్కటే ఉంది. అది ముద్దాయి తల్లి చేతుల మీదుగా వచ్చింది కాబట్టి చెల్లదన్నారు. మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టాలి. రెండు ప్రభుత్వాల మధ్య కాగితాలు నడవాలి. సమయం పడుతుంది."

"ఎంత?"

చీఫ్ చాయ్ గ్లాసు తిప్పాడు. ఆత్మారాం జవాబిచ్చాడు: "ఏళ్లు పట్టొచ్చవ్వా."

హన్మవ్వ తునికాకు ఒకటి తీసి మోకాలి మీద సాపు చేసింది. చుట్టలేదు.

"ఆ ఒక్క డబ్బా గదిలోనే ఉండి ఉంటే వేరుగా ఉండేది," అన్నాడు చీఫ్, మెత్తగానే. "మీరు దాన్ని ముట్టుకోకుండా ఉండాల్సింది."

"నేను ముట్టకపోతె గా బస్సు పోతుండె."

"నిజమే. కాదనను. మీ బాధ నాకు తెలుసు. మీ అబ్బాయి ఏ పాపం ఎరగడని మా డిపార్ట్‌మెంట్‌కు మొదటి నుంచీ తెలుసు. ఆ రోజు అతను ఎయిర్‌పోర్ట్‌లో లోపలికి పోతున్నప్పుడు కూడా మా మనుషులు అక్కడే..."

ఆత్మారాం దగ్గాడు. ఆలస్యమైపోయింది.

హన్మవ్వ చేతిలోని ఆకు చాటలో పెట్టింది. చీఫ్ మొహంలోకి చూసింది. తర్వాత ఆత్మారాం మొహంలోకి చూసింది.

"డబ్బల ఏమున్నదో వానికి ఎరుక లేకుండె, నాకు ఎరుక లేకుండె, ఇచ్చినామెకు ఎరుక లేకుండె. మీకు ఎరుకనే ఉండె గద సారూ," అన్నది. "మరి మీరెందుకు ముట్టలే?"